కర్బన లెక్కల్లో మన పద్దు

(వనపర్తిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పర్యావరణం గురించి మాట్లాడమంటే చెట్లు, చెరువులు అని మొదలుపెడతానని అనుకుని వుంటారు. నేను లెక్కల గురించి మాట్లాడదామని వచ్చాను. సంఘం పుస్తకంలో జమ ఎంత, ఖర్చు ఎంత అని నిలదీసే అలవాటు మీకుంది. ఆ అలవాటుతోనే కంపెనీల కర్బన లెక్క చూద్దాం.

ఒక కంపెనీ ఎంత బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదులుతోందో మూడు పద్దుల్లో రాస్తారు. సొంత బాయిలర్, సొంత లారీ వదిలేది మొదటి పద్దు. కొన్న కరెంటు వెనకాల వుండేది రెండోది. ముడిసరుకు పండించిన చేను మొదలు సరుకు వాడే ఇంటి దాకా మిగిలినదంతా మూడోది. మన దేశంలో మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి సెబీకి ఇలాంటి నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. మూడో పద్దు మాత్రం ఇష్టముంటే రాయవచ్చు. లిస్టు కాని కంపెనీలకు ఆ బాధ్యతే లేదు.

గద్వాలలో సీడ్ పత్తి చేలు మీకు తెలుసు. ఎవరైనా మూడో పద్దు నిజాయితీగా రాసినా అందులోకి వచ్చేది యూరియా, డీజిలు, కరెంటు మోటారు. క్రాసింగ్ కోసం బడి మానేసిన ఆడపిల్ల ఎన్ని రోజులు పోగొట్టుకుందో దానికి అక్కడ గడి లేదు.

రెండో పద్దుకు వద్దాం. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటుకు ముప్పాతిక కిలోకు కాస్త అటూ ఇటూగా బొగ్గుపులుసు వాయువు వస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క కడుతుంది. అదే లెక్కలో జలవిద్యుత్తుకు సున్నా. 2019 మార్చిలో పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టులను కూడా పునరుత్పాదక ఇంధనంగా కేంద్రం గుర్తించింది. శ్రీశైలం కరెంటు కూడా ఆ సున్నాలోదే. ఆ జలాశయం కింద వందకు పైగా గ్రామాలు పోయాయి. లక్ష మంది దాకా లేచిపోయారు. 1981లో పోలీసులను పెట్టి, ఇళ్ళు కూల్చి మరీ అలంపురం, కొల్లాపురం వైపు ఊళ్ళు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయీ విప్పి, అలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. గుడిని కాపాడటం మంచిదే. రాళ్ళకు అంత జాగ్రత్తగా లెక్క రాయగలిగిన ప్రభుత్వానికి మనుషుల లెక్క కష్టమయిందంటే నేను నమ్మను. 1986లో 98వ జీవో వచ్చింది, ముంపు కుటుంబానికొక ఉద్యోగం అన్నారు. దాని కోసం ఏళ్ళ తరబడి ధర్నాలు చేయాల్సి వచ్చింది. పరిహారం పట్టాదారు పేరున వస్తుంది. పట్టా ఎవరి పేరున వుంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఇథనాల్. పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు కలపాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. టన్ను నూకలకు సుమారు 450 లీటర్లు వస్తుంది. పులియబెట్టినప్పుడు ఇథనాల్ ఎంత బరువు తయారవుతుందో, దాదాపు అంతే బరువు బొగ్గుపులుసు వాయువూ పుడుతుంది. పైరు పీల్చుకున్నదే తిరిగి వస్తోంది కనుక దీన్ని ఆ మూడు పద్దుల బయట విడిగా రాయమంటాయి అంతర్జాతీయ నియమాలు. ఈ వాదనలో తప్పు లేదు. అయితే వరి పండించిన బోరు కరెంటు, యూరియా, ఫ్యాక్టరీ బాయిలర్, లారీలు సున్నా కావు. చెరుకైతే లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీళ్ళని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే వుంది. కర్బన పద్దులో నీళ్ళు ఎలాగూ రావు. వాసన రాదు. బోరు ఎండితే మరో ఊరి నుంచి బిందె మోసేవాళ్ళు రారు.

అసలు దెబ్బ ఇంకొకటి. 2021 జూన్ 16న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పెట్రోలులో కలపడానికి మాత్రమే ధాన్యం ఇథనాల్ చేసి, మురుగునీరు బయటికి వదలమనే ఫ్యాక్టరీలను, ఒక గడువులోగా దరఖాస్తు చేస్తే, బీ-2 వర్గంలో చూస్తామంది. బీ-2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. ఇంధనం పచ్చనిదన్న పేరుతో ఊరి నోరు మూశారు.

రాజోలి మండలం పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో ఏం జరిగిందో చూశాం. ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం కదిలారు, గొడవ జరిగింది, కేసులు పెట్టారు. అరెస్టయిన రైతులకు బేడీలు వేసి అలంపురం కోర్టుకు తెచ్చారు. దాని మీద పోలీసులు సస్పెండయ్యారు కూడా. ముందే మైకు పెట్టి అడిగి వుంటే ఊరి జనం ఆ మాటలు అక్కడే చెప్పుకునేవాళ్ళు.

నల్లమలలో యురేనియం కథా ఇదే దారిలో పోబోయింది. అణు కరెంటుకూ ఆ లెక్కలో సున్నాయే. చెంచుల అడవిలో అన్వేషణ వద్దని జనం గట్టిగా నిలబడ్డారు కాబట్టి 2019 సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది.

కర్బన లెక్క వద్దని నేననడం లేదు. వానలు తప్పితే ముందు వలస పోయేది పాలమూరు కూలీలే. ఆ లెక్క పక్కన మన లెక్క కూడా వుండాలి. ఫ్యాక్టరీకి చుట్టూ వున్న ప్రతి ఊళ్ళో పని మొదలవక ముందే రాసిపెట్టండి: ఏ బోరులో ఎన్ని అడుగుల్లో నీళ్ళున్నాయి, నీళ్ళకు ఆడవాళ్ళకు రోజుకు ఎంతసేపు పడుతోంది, ఎన్ని కూలి దినాలు దొరుకుతున్నాయి, మేత ఎక్కడ. తేదీ వేసి, సర్పంచుతో సంతకం పెట్టించండి. రేపు కోర్టులో ముందు ఎలా వుండేదో చూపించమంటారు.

పర్యావరణ అనుమతి తీసుకున్న యాజమాన్యం షరతులు ఎలా పాటిస్తోందో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, ఎవరైనా అడగవచ్చు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో గట్టిగా చదివించండి. ఎన్ని నీళ్ళు తోడామని రాశారో, మన పుస్తకంలో ఎంత వుందో అక్కడే పోల్చండి.