రాయబారం కూడా కాపలాయే

(ఎత్తిపోతలలో జరిగిన మన సంఘ కార్తీక వనసమారాధనలో చేసిన ప్రసంగ పాఠం)



ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేస్తున్నారు. జలపాతం హోరులో నా గొంతు ఎంతవరకు వినిపిస్తుందో తెలియదు గనుక క్లుప్తంగా ముగిస్తాను.

పల్నాటివారికి రాయబారమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మాచర్ల పక్షాన అలరాజు గురజాలకు రాయబారిగా వెళ్లి విషప్రయోగానికి బలైనాడని మన వీరగాథ చెబుతుంది. ఆ తరువాత కారంపూడిలో ఏం జరిగిందో మీకు తెలుసు. మాట తెగినచోట కత్తి లేస్తుంది.

మన కాలంలోనూ అలాంటి ఘట్టం ఒకటి వచ్చింది. 2001 డిసెంబరు 13న ఐదుగురు ఉగ్రవాదులు హోంశాఖ స్టిక్కరు అంటించిన తెల్ల అంబాసిడర్ కారులో పార్లమెంటు ఆవరణలో చొరబడ్డారు. అప్పటి లోక్‌సభ స్పీకరు మన కోనసీమ బిడ్డ బాలయోగి గారు. భద్రతా సిబ్బంది ప్రాణాలొడ్డి వారిని భవనం లోపలికి రానీయలేదు. ఐదుగురూ హతమయ్యారు. మనవైపు ఒక తోటమాలితో సహా 9 మంది అమరులయ్యారు.

సైన్యం సరిహద్దుకు కదిలింది. మా పెద్దబ్బాయి అప్పుడు రాజస్థాన్ సరిహద్దులో జవాను. ఉత్తరం రాని వారం మా ఇంటావిడకు అన్నం సహించేది కాదు. నేను మాత్రం ఆఫీసులో, "పోయి కొట్టక ఈ కాగితాలెందుకయ్యా?" అని వాదించేవాణ్ణి. కాగితాలే రాసి బతికినవాడిని, ఆ మాట అన్నాను.

ఆ రోజుల్లో జరిగిన కాగితాల పని చూడండి. మన ప్రభుత్వం ఇస్లామాబాదు నుంచి హైకమిషనర్‌ను వెనక్కి పిలిచింది. డిసెంబరు 26న అమెరికా లష్కరే తోయిబా, జైషే మహమ్మద్‌లను విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. 2002 జనవరి 12న ముషారఫ్ ఆ రెండింటినీ నిషేధించినట్టు ప్రకటించారు. మే నెలలో కాలూచక్‌లో మళ్లీ నెత్తురు పారింది. అమెరికా, బ్రిటన్ దూతలు రెండు రాజధానుల మధ్యా తిరిగారు. చివరికి అక్టోబరులో సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటన వచ్చింది. యుద్ధం లేకుండానే, మందుపాతరల పనిలో ఎందరో జవాన్లు అసువులు బాశారు. మావాడు తిరిగొచ్చాడు. వాడి పెళ్లికి మీలో చాలామంది వచ్చి అక్షింతలు వేశారు.

కాగితాలతో అంతా చక్కబడిందని నేననను. 2008లో ముంబయి దాడి జరిగింది. జైషే నాయకుడు మసూద్ అజహర్ పేరును ఐక్యరాజ్యసమితి జాబితాలో చేర్చాలని మన దేశం 2009లో కోరింది. ఆ కమిటీలో 15 మంది సభ్యులూ ఒప్పుకోవాలి. ఒక్కరు ఆపితే ఫైలు ఆగిపోతుంది. చైనా అభ్యంతరం వల్ల అది 2019 మే 1 దాకా పెండింగు! మన ఆఫీసుల్లో జాప్యాలు దీని ముందు ఎంత?

అయినా, విసుగుపడక పదేళ్లు ఆ ఫైలును కదిలించిన గుమాస్తాలు ఎవరో ఉన్నారు. వారి పేర్లు పేపర్లో పడవు. గేటు దగ్గర తుపాకీ పట్టినవాడికి మొదటి దండం. బల్ల దగ్గర కలం పట్టినవాడికి రెండోది. మన మనవలు యుద్ధం కావాలని ఆవేశపడినప్పుడు, సరిహద్దున ఉన్న కొడుకు కోసం ఉత్తరానికి ఎదురుచూసిన తల్లుల సంగతి వారికి చెప్పండి.