దుమ్ము దారుల్లో ఎక్సెల్ బండి: ఇంటికాడే సర్వీస్ చేసుకునేదెట్లా?

[తెర మీద: బేతంచెర్ల రోడ్డు, బండల లారీ వెనక తెల్ల దుమ్ము]

మంచు దేశాల్లో స్నోమొబైల్ (మంచు మీద పోయే బండి) ఉన్నోళ్లు చలికాలం రాకముందే దాన్ని ఇంటి షెడ్డులో పెట్టి విప్పి, తుడిచి, గ్రీజు పెట్టుకుంటారు. మన కర్నూలు, కడప పక్క మంచు యాడిది? మనకుండేది దుమ్ము. బేతంచెర్లలో నాపరాళ్ల పొడి, ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము, మిగతాచోట్ల మట్టి రోడ్లు. వాటి మధ్యనే ఉల్లి మూటలూ పాల క్యాన్లూ మోస్తాది టీవీఎస్ ఎక్సెల్ బండి.

సర్వీస్ ఎప్పుడు చేయాల్నో మాన్యువల్లో ఉండే కిలోమీటర్ల లెక్క మామూలు రోడ్డుకు. మన బండికి లెక్క దుమ్మే. ఇది గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

ముందు మీది ఏ బండో చూసుకోండి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మొదలు ఎక్సెల్ సూపర్ దాకా టూ స్ట్రోక్. పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ ఉండాల్సిందే, లేకుంటే పిస్టన్ పట్టేస్తాది. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్, 99.7 సీసీ. దీని ఆయిల్ ఇంజిన్లోనే వేరేగా ఉంటాది. పాత అలవాటు కొద్దీ దీని ట్యాంకులో కూడా టూటీ పోస్తే ప్లగ్గుకు మసి పడతాది, సైలెన్సర్ పొగ కక్కుతాది. పొయ్యొద్దు.

[క్లోజప్: ఎయిర్ ఫిల్టర్ మూత]

మొదటి పని ఎయిర్ ఫిల్టర్. ఇంజిన్ పెట్రోల్‌తో పాటు గాలి కూడా తాగుతాది. ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పడిపోతాది, కార్బొరేటర్ బండైతే పెట్రోల్ ఎక్కువ లాగుతాది. ఫిల్టర్ చినిగిందంటే ఇంకా నష్టం: సన్న దుమ్ము లోపలికి పోయి రింగుల్నీ సిలిండర్నీ గీకి పారేస్తాది.

మూత విప్పే ముందు చుట్టూ గుడ్డతో తుడవండి, లేకుంటే ఆ దుమ్మంతా లోపలే పడతాది. స్పాంజి ఫిల్టరైతే సబ్బునీళ్లలో పిసకండి, మెలి తిప్పొద్దు. నీడలో బాగా ఆరనిచ్చి, రొంత ఇంజిన్ ఆయిల్ పట్టించి, ఎక్కువైంది పిండేయండి. పెట్రోల్‌తో మాత్రం కడగొద్దు, నిప్పంటుకునే ప్రమాదం. కాగితం ఫిల్టరైతే నీళ్లు తగలనీయొద్దు. మెల్లగా తట్టి దుమ్ము రాల్చండి, నల్లబడిపోతే కొత్తది వేయండి.

[క్లోజప్: డ్రెయిన్ బోల్టు]

రెండోది ఎక్సెల్ 100కు ఆయిల్ మార్పు. ఇంజిన్ రెండు నిమిషాలు ఆడించి ఆపండి. ఆయిల్ పలచబడి మడ్డితో సహా దిగుతాది. బోల్టు వాషర్ చూసుకోండి, బిగించేటప్పుడు బలం చూపిస్తే మర పోతాది. గ్రేడు, కొలత మాన్యువల్లో ఉన్నట్టే పోయండి. పాత ఆయిల్ చేన్లోనో బావి గట్టునో పారబోయకుండా, డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి.

మూడోది చైన్. ఆయిల్ కారేటట్టు పూస్తే మంచిదనుకుంటారు చానామంది. ఆ తడికి దుమ్ము అంటుకుని సానరాయి మాదిరి పళ్లను అరగదీస్తాది. ఇంజిన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుతా, డీజిల్ గుడ్డతో తుడవండి. ఆరినాక చైన్ లూబ్ పెట్టి, పైపైన ఉండేదంతా తుడిచేయండి. బిగువు సరిచేసేటప్పుడు రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉండాల, లేకుంటే చక్రం వంకరగా కూర్చుంటాది.

[క్లోజప్: వెనక బ్రేకు డ్రమ్ము]

నాలుగోది బ్రేకు. లివర్ లూజైతే చక్రం దగ్గరుండే నట్టు తిప్పి బిగించండి. తర్వాత చక్రం ఎత్తి తిప్పి చూడండి, పట్టకుండా తిరగాల. డ్రమ్ము మీద బాణం గుర్తుంటే, అది గీత దాటిందా చూడండి. దాటితే బ్రేక్ షూ మార్చాల్సిందే. డ్రమ్ములో పొడిని నోటితో ఊదొద్దు, ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తీయండి.

చివరగా ఇంజిన్ ఫిన్లు, అంటే సిలిండర్ చుట్టూ ఉండే పలకలు. చానా స్నోమొబైళ్లలో ఇంజిన్ వేడిని ట్రాక్ ఎగరేసే మంచే చల్లారుస్తాది. మన బండికి ఫిన్లకు తగిలే గాలే దిక్కు. ఎండాకాలం నంద్యాల, కర్నూలులో 44, 45 డిగ్రీలు కాసేటప్పుడు ఆ ఫిన్ల సందుల్లో నల్లరేగడి ఎండి గట్టిపడితే, మూట బరువుతో పోయే ఇంజిన్‌కు ఊపిరాడదు. బండి చల్లారినాక పాత బ్రష్షుతో గీకండి. టైర్ల గాలి కూడా పొద్దున్నే, బండి తీయకముందే చూపించుకోండి.

క్లచ్, వాల్వులు, 2020 తర్వాతి బీఎస్6 బండి ఇంజెక్షన్ జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు. వాటికి మెకానిక్ ఉన్నాడు. మీరు ఈ ఆదివారం ఒక్క ఫిల్టర్ మూత విప్పి చూడండి. అందులో ఎంత దుమ్ముందో చూస్తే, మళ్లీ ఎప్పుడు విప్పాల్నో మీకే తెలుస్తాది.