పోయినవీ, ఇచ్చినవీ: రేనాటి తిరుగుబాటు తర్వాత ఇంటి సొత్తు
(బండి ఆత్మకూరు స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ రోజు కూడామో ఆ మాస్టారు తాను కొన్న పుస్తకాలన్నిటినీ ఊరి పిల్లలకే ఇచ్చి వెళ్ళారు. ఇవ్వడం తెలిసిన మనిషి పేరు మీద మాట్లాడమన్నారు కాబట్టి, మన సీమలో యుద్ధాల తర్వాత కుటుంబాల చేతుల్లోంచి ఏవి పోయాయో, ఏవి ఇచ్చేశారో చెప్పాలనుకున్నాను. నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. లాక్కుపోయిన సొత్తుకు లెక్క రాసిపెట్టుకోవాలి. మిగిలిన సొత్తును దాని కథతో సహా పదిమందికీ అప్పజెప్పాలి. ఈ రెండూ చేయని ఇంట్లో వస్తువు పోతుంది, పగ మాత్రం మిగులుతుంది.

కోటలు పోయిన కాలం

1800 అక్టోబరులో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కోయిలకుంట్ల ప్రాంతం కడప కలెక్టరు కిందికి వెళ్ళింది. మన నంద్యాల, శిరివెళ్ళ తాలూకాలు మాత్రం 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలోనే ఉన్నాయి. అందువల్ల పక్కపక్క ఊళ్ళు కూడా తమ పాత ఏలికలను వేరువేరు కాలాల్లో, వేరువేరు తీరుల్లో పోగొట్టుకున్నాయి.

దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుట దాదాపు 80 మంది పాలెగాళ్ళు ఉన్నారు. వాళ్ళ వెంట సుమారు 30 వేల మంది సాయుధులు ఉండేవారని అంచనా. ఏడేళ్ళలో మన్రో వాళ్ళ బలగాలను చెదరగొట్టాడు, భూములు స్వాధీనం చేసుకున్నాడు, కొందరిని పింఛనుదార్లుగా మార్చాడు. ఆ కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. పాలెగాళ్ళ వసూళ్ళ కింద రైతు నలిగిన మాటా నిజమే. ఆ రైతుకు కాస్త ఊపిరాడిందని కూడా ఒప్పుకోవాలి. అయినా పాలెగాని వెంట ఉన్న కట్టుబడి, తలారి, ఆయుధం పట్టి బతికిన బోయ కుటుంబం ఏ తప్పు చేశాయి? పెద్దింటికి పింఛను దొరికింది. చిన్నింటికి అదీ లేదు.

1839లో కర్నూలు వంతు వచ్చింది. నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలూ మందుగుండూ పోగేశాడని కంపెనీ సేన కదిలింది. జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపేశారు. మరుసటి ఏడే అక్కడ హత్యకు గురయ్యాడు. ఈ నేల ఏలిన మనిషి సమాధి ఈ నేలలో లేదు.

పదకొండు రూపాయల పింఛను

నొస్సం పాలెం కంపెనీపరం అయ్యాక, ఆ జమీందారు జయరామిరెడ్డి వారసత్వంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం. ఒక వంశం చేతిలోని కోట, భూమి, వసూలు హక్కు, సేన అన్నీ కలిసి అణాల లెక్కలోకి దిగాయి. బంధువుల్లో ఒకరు పోతే వారి వాటా పింఛను కూడా రద్దయ్యేది. మనిషి చావు ఇంటికి రెండుసార్లు తగిలేది.

దీనికి తోడు కట్టుబడుల మాన్యాలు పోయాయి. ఊరికి కాపలా కాసినందుకు తరతరాలుగా అనుభవిస్తున్న ఇనాం నేల అది. సర్కారు దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టేసరికి, అయ్యా మా నేల పోయిందని వాళ్ళంతా నరసింహారెడ్డి గడపకే వచ్చారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన దండులో ఈ కడుపుమంటే ఎక్కువ. పింఛను కోసం ఒక్కడు చేసిన తిరుగుబాటుగా దాన్ని చెప్పేవాళ్ళు, ఆ వెనక నిలబడ్డ వందల ఇళ్ళను మరిచిపోతున్నారు.

అక్టోబరులో పేరుసోమల కొండల దగ్గర ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు. ఆ తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. ముప్పై ఏళ్ళు! చనిపోయిన మనిషికి సంబంధించి కుటుంబానికి చెందవలసిన మొదటి సొత్తు ఆ శరీరం. స్నానం చేయించి, నాలుగు మెతుకులు పెట్టి, సాగనంపే హక్కు అది. ఆ ఇంటివాళ్ళు దాన్ని కూడా పోగొట్టుకున్నారు. నేల పోయిన నష్టాన్ని రూపాయల్లో కట్టవచ్చు, దీన్ని కట్టే లెక్క ఏ కచేరీలోనూ లేదు.

1907 నాటి హేగ్ ఒప్పందం యుద్ధంలో ప్రైవేటు ఆస్తిని జప్తు చేయరాదన్నది. అప్పటికి రేనాడులో జరగవలసినదంతా జరిగిపోయింది. ఇనాములు పోయిన ఇళ్ళకు ఆ ఒప్పందం ఏమీ చేయలేదు. అందుకే లెక్క మనమే రాసుకోవాలి.

కాగితం నిలబెట్టిన నేల

1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. ఆ కాలంలోనే మదరాసు రాజ్యంలో ఇనాం కమిషను పని మొదలైంది. మాన్యం ఉన్న ప్రతి ఇల్లూ తన హక్కును కాగితంతో రుజువు చేసుకోవలసి వచ్చింది. సన్నదు, తామ్రశాసనం, కరణం కవిలె, ఏదో ఒకటి చూపినవాడికి టి.డి. (టైటిల్ డీడ్) నంబరు దక్కింది. ఈ రోజుకూ మన ఊళ్ళలో పాత భూమి తగవు వస్తే ఇనాం టి.డి. నంబరు ఎంత అని అడుగుతారు. దండయాత్రలో కవిలె కాలిపోయిన ఇంటికి, చెదలు పట్టిన ఇంటికి, అవతలి ఊరికి పారిపోతూ పెట్టె వదిలేసిన ఇంటికి చూపడానికి ఏముంటుంది?

ఇనాం కమిషనుకు చాలా ముందే ఇంకో పని జరిగింది. సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాలను, అర్చకులను, పాత పాలెగాళ్ళ వంశీకులను కలిశారు. తెలుగువాళ్ళయిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆ పనికి ప్రాణం పోశారు. చాలామంది భయపడ్డారు. కాగితం చూపిస్తే మాన్యం మీద పన్ను వేస్తారేమోనని అనుమానం. భయపడుతూనే కొందరు కవిలెలు విప్పారు, కథ చెప్పారు, నకలు రాసుకోనిచ్చారు. అలా పుట్టినవే కైఫీయత్తులు. 1821లో మెకంజీ చనిపోయాక ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. తర్వాత సి.పి. బ్రౌన్ లండన్‌లోని కంపెనీ గ్రంథాలయంలో ఉన్న దక్షిణాది రాతప్రతులను మదరాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. మన కాలంలో కడప కైఫీయత్తులు అచ్చులోకి వచ్చాయి.

దాచుకున్న మూల కవిలెలు ఎన్ని మిగిలాయి? చాలా కొద్ది. నకలు ఇచ్చిన ఇళ్ళ కథలు మాత్రం రెండు వందల ఏళ్ళు దాటి మన చేతికి అందాయి. ఊరి ఏర్పాటు, చెరువు కట్టించిన మనిషి, గుడికి ఇచ్చిన మడి, పాలెగాడి వంశక్రమం, అన్నీ వాటిలో ఉన్నాయి. కాగితం ఇంట్లో ఉంటేనే మనదనుకోవడం పొరపాటు. దాన్ని చదివే మనిషి ఉంటేనే అది మనది.

ఉయ్యాలవాడ నేర్పిన రెండో పాఠం

నరసింహారెడ్డి ఉయ్యాలవాడ మనకు బాగా తెలుసు. అదే ఊరి బుడ్డా వెంగళరెడ్డిని అంతగా తలుచుకోం. 1866 కరువులో ఆయన తన గాదెలు తెరిచి, ఊరూరి నుంచి వచ్చిన బడుగులకు నెలల తరబడి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఉరి జరిగి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. ఒక తల ఇంకా కోయిలకుంట్ల బురుజు మీదే ఉంది. సర్కారు చేతిలో సొత్తు పోవడం కళ్ళారా చూసిన ఊరిలో, ఒక మనిషి తన సొత్తును తన చేతులతో ఇచ్చేశాడు. పోగొట్టుకున్న ఇంటి కథనూ, ఇచ్చిన ఇంటి కథనూ ఈ సీమ జనం పాటలుగా కట్టి పాడుకున్నారు. జనం తూకంలో ఆ రెండూ సమానమే.

పోవడం, ఇవ్వడం కాక వదిలేయడమనే మూడో తీరు కూడా ఉంది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు, వాళ్ళలో ఎందరో తెలుగువాళ్ళు, అరకాన్ దారినా మణిపురం దారినా నడిచి వచ్చారు. ఇత్తడి బిందెలు, కుట్టుమిషన్లు, పెట్టెలు దారిలో వదిలేసి పిల్లలను ఎత్తుకుని నడిచారు. అది ఓటమి కాదు. ఏది మోయాలో, ఏది దించాలో తెలిసిన వివేకం.

మనం దించవలసినది

మనం దించవలసిన బరువు ఒకటుంది. ఈ జిల్లాలో కక్షల వల్ల ఊళ్ళు విడిచిన కుటుంబాలు ఉన్నాయి. తాళం వేసిన ఇళ్ళు, కూలిన మిద్దెలు, పంచుకోని పొలాలు ఉన్నాయి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి కత్తితో పాటు పగ కూడా ఆస్తిలా దిగుతోంది. కత్తిని దసరాకు పూజించండి, తప్పులేదు. పగను మాత్రం పిల్లల వాటాలో రాయకండి. నేల పోయినవాడికి చట్టం ఉంది. పగ పట్టినవాడి ఇంట్లో చివరికి మిగిలేది విధవలూ కోర్టు వాయిదాలే.

ఇక చేయవలసిన పని. మీ భోషాణాల్లో పాత కత్తి, బాకు, సన్నదు, తాళపత్రం, ఇనాం కాగితం ఏదైనా ఉంటే ముందు ఫొటో తీయించండి. ఎవరిది, ఎలా వచ్చింది, ఎవరు చెప్పారు అన్నది ఒక పేజీలో రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే రాయండి. వందేళ్ళు దాటిన వస్తువులు, 75 ఏళ్ళు దాటిన చారిత్రక రాతప్రతులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించడం నేరం, దళారికి అమ్మడం అంతకన్నా పెద్ద నష్టం. కడపలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. రసీదు తీసుకుని ఇవ్వండి. మూలం ఇవ్వడానికి మనసొప్పకపోతే నకలైనా ఇవ్వండి.

విద్యార్థులకు ఒక్క మాట. ఈ సెలవుల్లో మీ ఊరికి ఒక కైఫీయత్తు మీరే రాయండి. పోయిన నేల, పోయిన మనుషులు, ఊరు విడిచిన ఇళ్ళు, పెట్టిన అన్నం, అన్నీ రాయండి. ఏ పక్షమూ పట్టకుండా రాయండి. నంద్యాల జిల్లా 2022లో ఏర్పడింది. దానికి ఇంకా తన కైఫీయత్తు లేదు. అది రాయవలసింది మీరే.