క్రీడాభిరామము: ఇరువురు మిత్రుల ముచ్చట



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పురాణమును గూర్చియో, నీతిశాస్త్రమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి విషయము అట్టిది కాదు. దీపములు పెట్టువేళ గ్రంథాలయపు అరుగుపై ఇద్దరు మిత్రులు చేరి చేయు సినిమా ముచ్చటయే నేటి విషయము.

"ఏమి బావా! సూళ్లూరుపేట పెద్దతెర చూచి వచ్చితివట, ఎట్లున్నది?" అని ఒకరు. "తెర పెద్దదే బావా, కథయే చిన్నది" అని వేరొకరు. పిదప తారల పెండ్లిండ్లు, అలుకలు, వారు పుచ్చుకొను సొమ్ములు. లోపల భారతము చదువుకొనుచున్న పెద్దలకు ఈ మాటలు చెవిని పడి విసుగు పుట్టును. "సరస్వతీ నిలయమున కిది తగునా?" అని వారు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. అయితే దీనికి సమాధానము లోపలి బీరువాలోనే యున్నది.

దాని పేరు క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ప్రేమాభిరామమునకు ఇది తెలుగు సేత. మూలము నేడు లభింపదు. వినుకొండ వల్లభరాయని పేర ఈ గ్రంథము వెలసినది. శ్రీనాథుడే దీని కర్తయని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. మానవల్లి రామకృష్ణకవిగారు దీనిని వెలికిదీసి ప్రకటించి యుండనిచో తెలుగువారికి ఈ నిధి దక్కెడిది కాదు. ఇది వీథి యను రూపకభేదము. వీథిలో పాత్రలు కొలదిమందియే. నగరమంతయు వారి మాటలలోనే కనబడవలెను.

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇరువురు మిత్రులు ఒక పగలెల్ల ఓరుగల్లు వీథులలో తిరుగుదురు. ఇదియే కథ. జక్కుల పురంధ్రి పాట విందురు. పలనాటి వీరుల గాథను పాడుచుండగా నిలిచి ఆలకింతురు. కోడిపందెము, పొట్టేళ్ల పోరు చూతురు. మైలారు భటుల సాహసములు చూచి అబ్బురపడుదురు. ప్రతాపరుద్రుని ఆదరము పొందిన మాచల్దేవి చిత్రశాలా ప్రవేశ వేడుకను గూర్చి చెప్పుకొందురు. ఆకలి వేళకు ఎచ్చట భోజనము బాగుండునో అదియు వారి ముచ్చటలోని విషయమే. లక్ష్మణవజ్ఝల పూటకూటింట ఒక్క రూకకు గోధుమపిండి వంటలతో, క్రొంబెరుగుతో కమ్మని భోజనము దొరకును! ప్రసిద్ధుల సంగతులు, పాటలు, ఆటలు, తినుటకు మంచి తావు: నేటి అరుగుమీది ముచ్చటలో ఉన్నవన్నియు ఆనాడే యున్నవి.

ఓరుగల్లు కాకతీయ రాజ్యము 1323లో కూలిపోయినది. క్రీడాభిరామము అటుపిమ్మటి రచన. ఆ పట్టణపు రాజుల విజయములను శాసనములు చెప్పును. కాని జనులు సాయంకాలము ఏ పాట వినిరి, రూకకు ఏమి తినిరి అనునది శిలలపై చెక్కువా రెవ్వరు? సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలయించినపుడు ఈ చిన్న గ్రంథము వారికి పెద్ద ఆధారమైనది. పనిలేని ఇద్దరి మాటలని తోచినది చరిత్రకు సాక్ష్యమైనది. కావున ముచ్చటను ఊరక నిందింపరాదు.

అట్లని ముచ్చట యంతయు మంచిదే యనుటకు వీలులేదు. ఇందు రెండు భేదములు గమనింపవలెను. మొదటిది, మంచనశర్మ తన కాళ్లతో నడచి, తన కన్నులతో చూచి చెప్పెను. నేడు చేతిలోని ఫోను గడియకొక వార్త తెచ్చి పడవేయుచున్నది. చూచిన దొకటి, వినిన వి నూరు. ఆ నూటిలో నిజమెంతయో చెప్పినవానికే తెలియదు. కరణీకపు లెక్కలో ఆధారము లేని పద్దు చెల్లనట్లే, చూడని మాట ముచ్చటలోను చెల్లరాదు.

రెండవది మరింత సున్నితమైనది. మాచల్దేవిని గూర్చి మిత్రు లిద్దరును చెప్పుకొందురు గాని, ఆమె తన్నుగూర్చి చెప్పుకొనిన మాట ఒక్కటియు మనకు మిగులలేదు. ఆ గ్రంథమునందు స్త్రీలను గూర్చిన మాటలు పలుచోట్ల వెగటు గొలుపును. ఇది దాని లోపమే, దాచవలసిన పనిలేదు. ఆ లోపము నేటికిని తొలగిపోలేదు. సావిత్రిగారి సంగతి తలచుకొనుడు. 1957 మార్చి 27న విడుదలయైన మాయాబజారులో శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచుని ఆమె అభినయించిన తీరు చూడవలసినది. కన్యక రూపమున రాక్షసుని బింకము, నడకలో ఠీవి, మరుక్షణమే సిగ్గు! 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూసిరి. అరుగుమీద ఆమె పేరు వచ్చినపుడు ఆ నడకను గూర్చి చెప్పువా రెందరు, ఆమె ఇంటి కష్టములను లెక్కించువా రెందరు? కళాకారులు మనకు ఇచ్చినది కళ. వారి ఇంటి తలుపు వారు మనకు తెరువలేదు. ఇంటిలో ఆడబిడ్డ గల ప్రతివారును ఈ మాట ఆలోచింపవలెను.

మంచి ముచ్చటకు ఈ సీమలో విషయములకు కొదవ లేదు. దీపపు వెలుగున తోలుబొమ్మల నాడించి రామాయణమును చూపిన కుటుంబములు నెల్లూరు జిల్లాలో కలవు. ఆ ఆటలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులను ఎత్తి నవ్వించుచుందురు. అదే మాయాబజారులో చిన్నమయగా నవ్వించిన రమణారెడ్డిగారు ఈ జిల్లావారే. సూళ్లూరుపేట చెంతనున్న మంగళంపాడులో 1921లో జన్మించిన కిళాంబి వెంకట నరసింహాచార్యులే ఆచార్య ఆత్రేయ. పాటలకంటె ముందు నాటకములతో పేరొందిన ఆయన, ఎన్.జి.వో. అను నాటకమున చిన్న జీతగాని ఇంటి బాధను రంగమెక్కించిరి. హరికథకులైన సాంబమూర్తిగారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యముగారు 2020 ఫిబ్రవరిలో నెల్లూరులోని తమ ఇంటిని వేదపాఠశాల కొరకు కంచి మఠమునకు సమర్పించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 25న వారు పరమపదించిరి. ప్రసిద్ధుల వార్తలలో పదుగురికి చెప్పదగిన వార్త ఇట్టిది.

ఇక సూళ్లూరుపేటలో 2019లో వెలసిన తెర వెడల్పు 106 అడుగులు. 2022లో ఆ పట్టణము తిరుపతి జిల్లాలో చేరినది. అచ్చటికి పోవువారు పోవచ్చును. వచ్చిన పిదప తెర కొలతతో ఆగక, అందు చూచిన దేమి, మరొకరు చూడవలసిన దేమి యని చెప్పగలిగిన నాడు వారు మంచనశర్మకు వారసులగుదురు.

పెద్దలకును ఒక విన్నపము. అరుగుమీది యువకులను తరిమివేయుట సులభము. తరిమినచో వారు అంగడి ముంగిటికి పోయి అదే మాట లాడుకొందురు. గ్రంథాలయమునకు మాత్రము దూరమగుదురు. మాయాబజారును మెచ్చినవానికి శశిరేఖ కథ తెలిసినది గదా, ఇక తిక్కన విరాటపర్వమున అదే అభిమన్యుని పెండ్లి ఉత్తరతో ఎట్లు జరిగినదో చదువుమని ఆ సంపుటము చేత పెట్టుడు. ఆత్రేయ పాట పాడువానికి ఆయన నాటక మిండు. అరుగునకును బీరువాకును నడుమ నున్నది ఒక్క గడపయే. దానిని దాటించు చేయి కావలెను.

ఓరుగల్లు కోట శిథిలమైనను ఇరువురు మిత్రుల మాట నిలిచినది. ఈ అరుగుమీద నేడు సాగు మాటలలోను ఏదో ఒకటి నిలువవచ్చును. నిలుచునది చూచి చెప్పినదిగా, ఇతరుల గౌరవము కాచినదిగా ఉండుగాక!

స్వస్తి.