ఉద్యోగం వెతుక్కునే స్త్రీకి మనం ఏం చెబుతున్నాం?

(తిరుపతిలో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమంది హింస, భరణం, ఆస్తి తగాదాల కేసులు చూస్తున్నవాళ్లే. ఆ కేసుల్లో ఒక మాట మనందరికీ ఎదురవుతూ ఉంటుంది. పంచాయితీ అయిపోతుంది, పోలీసు స్టేషన్ పని అయిపోతుంది. అప్పుడు ఆమె మెల్లిగా అడుగుతుంది: "నాకేదన్నా పని చూపించండక్కా." ఆ మాటకు మన దగ్గర జవాబు లేకపోతే ఆమె ఆరు నెలల్లో మళ్లీ ఆ ఇంటికే పోతుంది. అందుచేత ఉద్యోగ సలహా అనేది మనకు సంబంధం లేని విషయం కాదు. హింస నుంచి బయటపడే హక్కు, బతుకుతెరువు వెతుక్కునే హక్కు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

ఉద్యోగం ఎంచుకోవడంలో సలహా ఇవ్వడం ఒక వృత్తిగా మొదలై వందేళ్లు దాటింది. అమెరికాలో బోస్టన్ నగరంలో 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన ఇందుకోసం ఒక కేంద్రం పెట్టాడు. ఆయన సూత్రం చాలా సులువైనది. నిన్ను నువ్వు తెలుసుకో, ఉద్యోగాల గురించి తెలుసుకో, రెండింటినీ జతపరుచుకో. ఈనాటికీ కెరీర్ కౌన్సెలింగ్ పేరుతో జరిగే తరగతులన్నీ ఈ మూడు మెట్ల మీదే నడుస్తున్నాయి. బయోడేటా ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఇంగ్లీషు ఎలా మాట్లాడాలి, ఆత్మవిశ్వాసం ఎలా పెంచుకోవాలి అని నేర్పుతున్నారు. ఇవి పనికిరానివని నేను అనడం లేదు. కానీ ఈ సూత్రం వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి పొద్దున్నే ఎవరో వండిపెడతారు. ఎప్పుడు బయలుదేరినా, ఎప్పుడు ఇల్లు చేరినా అడిగేవాళ్లుండరు. పెళ్లయిందా అని ఇంటర్వ్యూలో అడిగితే అది అతనికి అనుకూలమైన ప్రశ్నే. స్త్రీ ఆ మనిషి కాదు. ఆమెలో ఆత్మవిశ్వాసం లేదని మనం కూడా అంటే, వ్యవస్థ లోపాన్ని ఆమె లోపంగా మార్చి ఆమెకే అప్పగించినట్లవుతుంది.

అయితే మనం ఏం చెప్పాలి? నేను నాలుగు విషయాలు మీ ముందుంచుతాను.

మొదటిది, ఆమె చేసిన పనిని ఆమె చేత లెక్క వేయించడం. పరిశోధన కోసం పల్లెలకు వెళ్లినప్పుడు "ఏం పని చేస్తావమ్మా" అని అడిగితే "ఏం లేదక్కా, ఇంట్లోనే ఉండాను" అన్న జవాబే ఎక్కువగా విన్నాను. ఆ మాట అంటున్న మనిషి అప్పటికే రెండు ఆవుల పాలు పితికి డెయిరీకి పోసి వచ్చి ఉంటుంది. ఈ మాట ఆమె సొంత కల్పన కాదు, ప్రభుత్వమే ఆమెకు నేర్పింది. స్త్రీల పని జనాభా లెక్కలకు ఎక్కడం లేదని స్త్రీవాదులు గట్టిగా వాదించాక, 1991 లెక్కల్లో సొంత పొలంలో, కుటుంబ వృత్తిలో కూలి లేకుండా చేసే పనిని కూడా అడగాలని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చారు. అంతకు మూడేళ్ల ముందు, 1988లో, ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన శ్రమశక్తి నివేదిక అసంఘటిత రంగంలోని స్త్రీల పనిని దేశం ముందు పెట్టింది.

కనుక బయోడేటా రాయించేటప్పుడు "పదేళ్లు ఖాళీ" అని రాయనివ్వకండి. పొదుపు సంఘం పుస్తకాలు రాసిందా? అయితే ఆమెకు జమాఖర్చులు వచ్చు, బ్యాంకు వ్యవహారం వచ్చు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పని చేసిందా? అయితే కాయ నాణ్యత చూడడం వచ్చు, షిఫ్టు పని వచ్చు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల దగ్గర కండెలు చుట్టిందా? శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టకు రంగులు నింపిందా? అవన్నీ నైపుణ్యాలే. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఎంత పని, ఎవరి దగ్గర అని మూడు ముక్కల్లో రాయించండి. సంఘం అధ్యక్షురాలి చేత ఒక ఉత్తరం తీసుకోండి. అబద్ధం ఒక్కటీ రాయనక్కర్లేదు, నిజం మొత్తం రాస్తే చాలు.

రెండవది, కాలం. 2019లో జాతీయ స్థాయిలో కాల వినియోగ సర్వే జరిగింది. ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, ఇంటిపని చేసే కొద్దిమంది పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. అంటే అయిదేళ్లలో ఆమెకు మిగిలింది పది నిమిషాలు. పురుషుడికి కూడా ఇంచుమించు అంతే తగ్గింది. రోజుకు దాదాపు అయిదు గంటల ఇంటి చాకిరీ ఉన్న మనిషికి తొమ్మిది గంటల ఉద్యోగం సలహా ఇచ్చేటప్పుడు, ఆ అయిదు గంటలు ఎవరు పంచుకుంటారో అడగకుండా వదిలేయడం సలహా కాదు.

అందుకే ఉద్యోగం పేరు రాసే ముందు ఒక కాగితం మీద ఆమె రోజును రాయించండి. పిల్లలను ఎవరు చూస్తారు? చివరి బస్సు ఎన్నింటికి? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. ఇది చిన్న విషయం కాదు. పాకాల నుంచో పుత్తూరు నుంచో తిరుపతికి వచ్చి పనిచేసే మనిషికి జీతంలో కొంత చేతిలో మిగులుతుంది. కానీ ఛార్జీ పోయినంత మాత్రాన రాత్రి ఎనిమిది తర్వాత ఊరికి బస్సు రాదు. బస్సు వేళ కోసం డిపో మేనేజరుకు అర్జీ పెట్టడం కూడా ఉద్యోగ సలహాలో భాగమే. ఆ రోజు రాసిన కాగితాన్ని ఇంట్లోవాళ్ల ముందు పెట్టి మాట్లాడడం కూడా అందులో భాగమే.

మూడవది, ఇంటర్వ్యూ గదిలో అడిగే ప్రశ్నలు. పెళ్లయిందా, పిల్లలెప్పుడు, మీవారు ఒప్పుకుంటారా అని అడుగుతారు. ఈ ప్రశ్నలకు పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు మన విదేశాంగ సర్వీసులో స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. సి.బి. ముత్తమ్మ కోర్టుకెక్కితే, 1979లో సుప్రీంకోర్టు ఆ నియమాల్లోని వివక్షను గట్టిగా తప్పుపట్టింది. జీవిత బీమా సంస్థలో చేరిన నీరా మాథుర్‌ను ప్రొబేషన్‌లో ఉండగా ప్రసవం తర్వాత తొలగించారు. సంస్థ ఇచ్చిన ఫారంలో నెలసరి గురించి, గర్భాల గురించి ప్రశ్నలున్నాయి, వాటికి ఆమె తప్పు సమాచారం ఇచ్చిందన్నది వాళ్ల వాదన. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ ప్రశ్నలు తీసేయమంది. ఏ స్త్రీ అయినా ఆ వివరాలు చెప్పడానికి సిగ్గుపడే పరిస్థితి కల్పించడం తగదన్నది ఆ తీర్పు సారాంశం.

అవి ప్రభుత్వ రంగంలో గెలిచినవి. ప్రైవేటులో సంగతి వేరు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లు బిగించే పని జరుగుతోంది. ఆ పనిలో ఎక్కువమంది యువతులే. అక్కడికి ఎంతో దూరం లేని తమిళనాడు శ్రీపెరుంబుదూరులో ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో పెళ్లయిన స్త్రీలను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. కంపెనీ ఆ ఆరోపణను ఖండించింది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. మనం గమనించవలసింది చట్టంలోని ఖాళీని. నియామకాల్లో ఆడా మగా తేడా చూపరాదని 1976 సమాన వేతన చట్టంలో ఉంది, 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. కానీ పెళ్లయింది కనుక తీసుకోమనడాన్ని ప్రైవేటు యజమానికి సూటిగా నిషేధించే మాట లేదు. ఆ మాట చేర్పించడం మన ఉద్యమం పని.

అంతదాకా ఇంటర్వ్యూకు పోయే మనిషి ఏం చెప్పాలి? "షిఫ్టు వేళలకు నేను రాగలను, దానికి ఇంట్లో ఏర్పాటు చేసుకున్నాను" అనే ఒక్క వాక్యం చాలు. పిల్లల గురించి, భర్త గురించి అంతకు మించి చెప్పనక్కర్లేదు. ఆ వాక్యం నిజం కావాలంటే మనం చెప్పుకున్న రెండో పని ముందే జరిగి ఉండాలి. బయటికి వచ్చాక అడిగిన ప్రశ్నలను తేదీతో సహా రాసుకోమని చెప్పండి. ఒకరు రాసుకుంటే అది జ్ఞాపకం, యాభైమంది రాసుకుంటే అది సాక్ష్యం.

నాలుగవది, కాగితాలు. ఉద్యోగంలో చేరేవాళ్లకీ, మారేవాళ్లకీ ఇది ప్రాణం. నియామక పత్రం ప్రతి ఉద్యోగికీ ఇవ్వాలని కొత్త కార్మిక కోడ్ చెబుతోంది, అడిగి తీసుకోవాలి. పది అంతకు మించి మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది, అందులో ఎవరున్నారో చేరిన వారంలోనే తెలుసుకోవాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలే. ఇళ్లలో పనిచేసేవాళ్లు, చిన్న దుకాణాల్లో పనిచేసేవాళ్లు జిల్లా స్థాయి కమిటీకి పోవాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలయ్యాయి కనుక మీ జిల్లా కమిటీ ఏదో, అందులో ఎవరున్నారో మీ ఆఫీసు గోడ మీద రాసి పెట్టండి.

ఉద్యోగం మారేటప్పుడు మూడు లెక్కలు చూడమనండి. గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ల సర్వీసు కావాలి. నాలుగున్నరేళ్లకు వదిలేస్తున్న మనిషిని ఇంకొంచెం ఆగమ్మా అనాలి. ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో పాటు పింఛను డబ్బు కూడా పెళ్లికో అప్పుకో మొత్తం తీసేస్తే పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు తెగిపోతుంది, తీయకుండా కొత్త యజమాని దగ్గరికి బదిలీ చేయించుకోవాలి. ప్రసవ సెలవు 26 వారాలు. మూడో బిడ్డకైతే 12 వారాలు. దానికి ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉండాలి, కనుక గర్భంతో ఉన్నప్పుడు ఉద్యోగం మారడానికి ఆ లెక్క చూసుకోవాలి. చదువు సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఎవరు అడిగినా చూపించి వెనక్కి తీసుకోవాలే గాని వదిలి రాకూడదు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్ల దగ్గర ఆగిపోవాలి.

కువైట్ ప్రయాణం కూడా మన పల్లెల్లో ఉద్యోగం మారడమే. పదో తరగతి పాసు కాని స్త్రీ గల్ఫ్‌కు ఇంటిపని కోసం చట్టబద్ధంగా వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ఆ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. విజిటింగ్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు ఆమెను చట్టం కాపాడలేని చోటికి పంపిస్తున్నాడు. వెళ్లవద్దు అని మనం అనలేం, ఇక్కడ ఆ జీతం మనం ఇప్పించలేం కనుక. ఏ దారిన వెళ్తే తిరిగి రాగలదో మాత్రం చెప్పగలం, చెప్పి తీరాలి.

ప్రభుత్వ ఉద్యోగాల మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీలకు 30 శాతం ఉద్యోగాలు కేటాయించిన నియమాన్ని 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత అది మూడో వంతయింది. ఈ హక్కు ఉంది కనుకే మన అమ్మాయిలు తిరుపతిలో గదులు అద్దెకు తీసుకుని, ఏళ్ల తరబడి కోచింగ్‌లో కూర్చుంటున్నారు. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాక ఈ ప్రాంతంలో మొదటిసారిగా ఎందరో ఇళ్లలోని ఆడపిల్లలు డిగ్రీలు దాటి చదివారు. వాళ్ల ఆశ న్యాయమైనది. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో వాళ్ల చేతిలో లేదు, ఇంట్లో పెళ్లి ఒత్తిడి మాత్రం ప్రతి నెలా వస్తుంది. అందుకే ఎన్ని పరీక్షలు రాస్తావు, ఎప్పటిదాకా రాస్తావు, ఈలోగా నీ ఖర్చుకు ఏ పని చేస్తావు అని మొదటి రోజే మాట్లాడాలి. చేతిలో సొంత సంపాదన ఉన్న అమ్మాయి పెళ్లికి కాదనగలదు, మరో ఏడాది పరీక్ష రాయగలదు.

ఈ పనులేవీ ఒక కౌన్సెలర్ గదిలో కూర్చుని చేయగలిగినవి కావు. ప్రతి సంఘం వారానికి ఒక పూట ఇందుకు కేటాయించాలి. మొదటి ఇంటర్వ్యూకి ఆమె వెంట ఒకరు పోవాలి. ఉద్యోగంలో చేరినవాళ్లు మూడు నెలలకొకసారి కలుసుకోవాలి. ఎవరికి నియామక పత్రం ఇవ్వలేదో, ఎవరికి ఏ ప్రశ్న వేశారో చెప్పుకోవాలి. అక్కడ పోగయిన కాగితాలతోనే రేపు మనం కార్మిక శాఖ మెట్లెక్కుతాం. పని చూపించమని అడిగిన స్త్రీకి మనం ఇవ్వగల జవాబు ఇదే: పని వెతుకుదాం, ఆ పని నిలిచేటట్లు నీ వెంట ఉంటాం.