కళాశాలలో పండుగ, ఇంటిలో భాష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కోలారు సీమలో చదువుకొనే మన పిల్లలకు సంక్రాంతి మొదలు ఉగాది వరకు పండుగల కాలమే. కళాశాలలో ఒక రోజు పుస్తకాలు పక్కకు పెడతారు. అమ్మాయిలు పట్టుచీరలు, అబ్బాయిలు పంచెలు కట్టి వస్తారు. కన్నడిగుల ఇంటి నువ్వులూ బెల్లమూ, తమిళుల ఇంటి పొంగలి, మన ఇంటి గొబ్బెమ్మలు ఒక్క ముంగిటనే చేరుతాయి. ఉగాది నాటికి వారి బేవు బెల్లమూ మన పచ్చడీ పక్కపక్కనే ఉంటాయి. ఓళిగ అన్నా ఒబ్బట్టు అన్నా తినే నోటికి తీపి ఒక్కటే. చూచేవారికి కన్నుల పండువే.

ఇది నిన్న మొన్నటి కలయిక కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి పల్లెలలో తెలుగు తరతరాలుగా ఇంటి భాష. కైవారం నారేయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడంలోనూ రచించినది ఈ సీమలోనే. 1880 దశకంలో జాన్ టేలర్ కంపెనీ గనుల పని చేపట్టాక, ఆనాటి ఉత్తర ఆర్కాడు జిల్లా నుండి తమిళులతోపాటు మనవారూ వచ్చి చాంపియన్ రీఫ్, మారికుప్పం, ఆండర్సన్‌పేటలలో కాపురాలు పెట్టారు. నేటి చిత్తూరు ఆనాడు ఆ జిల్లాలోనిదే.

అయితే మాకొక దిగులు ఉన్నది. పండుగనాడు వేదికపై తెలుగు పాట పాడే పిల్ల, ఆ పాటను కన్నడ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాలలోనో రాసుకొని పాడుతుంది. పచ్చడి పంచుతారు గాని పంచాంగం చదివేవారు కనబడరు. పలుకు ఉన్నది, అక్షరము లేదు. అక్షరము లేని పలుకు ఇంకొక తరానికి వంటింటి మాటగా, ఆ తరువాత జ్ఞాపకంగా మిగులుతుంది.

ఒకనాడు ఈ రాజ్యంలోని కళాశాలలో తెలుగుకు పీట ఉండేది. అనంతపురం సీమవారైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1912లో మైసూరు మహారాజా కళాశాలలో చేరి 1949 వరకు తెలుగు బోధించారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తెలుగు అక్కడ అతిథి కాదు, ఇంటి మనిషే. ఇప్పుడు కోలారు చెంతనే బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ తెలుగు శాఖ కావాలని అడగడం వేరే పని. మన చేతిలో ఉన్న పని మరొకటి ఉన్నది.

కన్నడ లిపి, తెలుగు లిపి తోబుట్టువులు. కన్నడం చదివిన పిల్లకు తలకట్టు తేడా, కొన్ని అక్షరాల రూపు తెలిస్తే చాలు, కొద్ది వారాలలో తెలుగు పట్టుబడుతుంది. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య రెండు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది. ఆ రోజులలో సాయంకాలం ఒక గంట, తెలిసినవారు తెలియనివారికి నేర్పాలి. ఉగాదినాడు వేదికపై ప్రతి విద్యార్థీ తన అవ్వో తాతో చెప్పిన ఒక సంగతిని తన చేతితో తెలుగులో రాసి చదవాలి. కోలారు యాసలోనే రాయవచ్చు, దిద్దనక్కర లేదు.

ఈ పని వాయిదాకు ఆగదు. మూడు కిలోమీటర్లకు మించిన లోతున గనిలో పనిచేసిన తాతలు ఇంకా కొందరున్నారు. 2001లో గనులు మూతబడ్డాయి. వారి కొడుకులూ మనుమలూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. తాత చెప్పడానికీ మనుమడు వినడానికీ మిగిలినది పండుగ పూటే. ఆ పూట కూడా జారిపోతే, బంగారం పోయిన గనిలాగే కథ పోయిన ఇల్లు మిగులుతుంది.

ఇది కన్నడంతో పోటీ అని ఎవరూ తలచవద్దు. అన్నం పెట్టిన నేల భాషను మన పిల్లలు చక్కగా చదవాలి, రాయాలి. ఆ చదువే తెలుగు అక్షరానికి మెట్టు అవుతున్నది గదా!

తల్లిదండ్రులారా, వచ్చే పండుగకు పిల్లలకు కొత్త బట్టలతోపాటు ఒక పలకో పుస్తకమో ఇవ్వండి. అవ్వ పక్కన కూర్చోబెట్టండి. కొత్త సంవత్సరం మీ అందరికీ శుభమును కలిగించుగాక!