నల్లార్బర్ దారిలో ఇద్దరు

పదవీ విరమణ కాగానే కారు వెనక క్యారవాన్ తగిలించుకుని దేశం చుట్టడానికి బయల్దేరే దంపతులు ఆస్ట్రేలియాలో కోకొల్లలు. వాళ్లను ఊరించే దారుల్లో నల్లార్బర్ మైదానం మీదుగా సాగే ఎయర్ హైవే ఒకటి. పోర్ట్ అగస్టా నుంచి నార్స్‌మన్ దాకా సుమారు 1,660 కిలోమీటర్లు. దారిలో ఊళ్లు తక్కువ, పెట్రోలు ఖరీదెక్కువ, మంచినీళ్లు మాత్రం ఎవరివి వాళ్లు మోసుకెళ్లాల్సిందే.

పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులో అధికారులు ఫ్రిజ్ తెరిపించి చూస్తారు. పండ్లు, కూరగాయలు, తేనె అక్కడే వదిలేయాలి. పంటలకు తెగుళ్లు పాకకుండా ఈ కట్టడి. మనవాళ్లయితే పచ్చిమిరపకాయలకూ నీళ్లొదులుకోవాలి! ఆ దగ్గర్లోని యూక్లా ఊళ్లో గడియారం పెర్త్ కన్నా 45 నిమిషాలు ముందుంటుంది. ప్రభుత్వం గుర్తించని సమయమే అయినా జనం పాటిస్తారు.

కైగునా నుంచి బల్లడోనియా వైపు 146 కిలోమీటర్లకు పైగా ఒక్క మలుపూ లేదు. కళ్లు మూతలు పడతాయి. పక్కన కూర్చుని కబుర్లాడే మనిషి అసలు ఉద్యోగం అప్పుడే మొదలవుతుంది. ఎదురుగా 30 మీటర్లకు మించిన రోడ్ ట్రైన్, అంటే వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీ, దూసుకుపోతే ఆ గాలికి క్యారవాన్ ఊగుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. లారీ డ్రైవర్లు రేడియోలో 40వ ఛానల్‌లో మాట్లాడుకుంటారు, అది పెట్టుకుంటే మంచిది. పొద్దు వాలేసరికి మాత్రం బండి ఆపేయాలి. అది కంగారూలు రోడ్డెక్కే వేళ.